కృపావరం నిలబెట్టిన వరస

మద్రాసు రేవులో ఓడ ఎక్కిన కొద్ది రోజులకే గోదావరికి పెద్ద వరద వచ్చిందన్న కబురు కృపావరం చెవిన పడింది. రేడియో గది బయట ఒక సిక్కు సిపాయి ఎవరితోనో చెబుతుంటే విన్నాడు. ఏ గట్టు తెగింది, ఏ ఊళ్ళు మునిగాయి, కొల్లేట్లోకి నీళ్ళు ఎంత దిగాయి అని అడిగితే ఆ సిపాయి తల అడ్డంగా ఊపాడు. ఆ పేర్లేవీ అతనికి తెలియవు. కృపావరం ఆ గది చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఓడ మాత్రం తూర్పుకు, ఇంటికి దూరంగా, సాగిపోతూనే ఉంది.

అది 1953 ఆగస్టు. కృపావరానికి అప్పటికి ముప్పై నిండలేదు. మండవల్లికి అవతల, కొల్లేటి అంచున ఉన్న క్రైస్తవుల పేటలో పుట్టాడు. తండ్రి నాట్లకీ కోతలకీ రాజుల పొలాల్లోకి వెళ్ళేవాడు, మిగతా రోజుల్లో వెదురు మావులు పెట్టి చేపలు పట్టేవాడు. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఏలూరులో సిపాయిలను తీసుకుంటున్నారని విని కృపావరం దోనె మీద వెళ్ళి చేరిపోయాడు. నీళ్ళలో పెరిగిన మనిషని వంతెనలు కట్టే దళంలో వేశారు. యుద్ధం అయిపోయినా అతను పటాలం వదల్లేదు. నడుమ సెలవులో వచ్చి సలోమిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ సలోమి, అతని తల్లి ఇప్పుడు పేటలో ఉన్నారో, ఏ గట్టు మీద తలదాచుకున్నారో, అసలు ఉన్నారో లేరో. అక్కడికి వచ్చేసరికి ఆలోచన ఆపేసి మళ్ళీ రేడియో గది వైపు నడిచేవాడు.

"నువ్విలా తిరిగినంత మాత్రాన ఓడ వెనక్కి తిరగదు. వచ్చి నడుం వాల్చు," అన్నాడు హవల్దారు వీరాస్వామి. అతనిది శ్రీకాకుళం వైపు. ఓడలో కృపావరానికి తెలుగులో మాట కలిసిన మనిషి అతనొక్కడే.

"మనం వెళ్ళేది యుద్ధానికా కాదా, అదైనా చెప్పండి హవల్దారు గారూ."

"కాదు. కొరియాలో యుద్ధం ఆగిపోయింది. దక్షిణ కొరియా పక్షం వాళ్ళకి పట్టుబడిన ఖైదీలు వేలమంది ఉన్నారట. ఉత్తర కొరియా వాళ్ళు, చైనా వాళ్ళు. తిరిగి మా దేశం పోము అంటున్నారట. పోతారో పోరో తేలేదాకా ఎవరి మనుషులూ కానివాళ్ళు కాపలా కాయాలి. ఆ కానివాళ్ళం మనం."

కొరియా రేవుకు చేరాక కూడా వాళ్ళు ఆ నేల మీద అడుగు పెట్టలేదు. దక్షిణ కొరియా ప్రభుత్వం అందుకు ఒప్పుకోలేదని చెప్పారు. ఓడల మీద నుంచే హెలికాప్టర్లలో ఎక్కించి, రెండు సైన్యాల మధ్య ఖాళీగా వదిలిన జాగాలో దించారు. మొదటిసారి గాలిలో ప్రయాణం చేస్తున్న కృపావరం కింద కనిపించిన వరిమళ్ళ వైపు చూశాడు. వాటిలో ఒక్క మనిషి లేడు. గట్లు చెదిరిపోయి ఉన్నాయి. తన ఊరు కూడా ఇలాగే ఉందేమోననిపించి కళ్ళు మూసుకున్నాడు.

ఆ జాగా నిండా ముళ్ళకంచెలు. కంచెల్లో గుడారాలు, గుడారాల్లో ఖైదీలు. పొద్దున లేస్తే వాళ్ళు రేకు డబ్బాలు వాయించేవారు, పాటలు పాడేవారు, మన సిపాయిలు కనబడితే రాళ్ళు రువ్వేవారు. మన వాళ్ళకు ఉన్న ఆజ్ఞ ఒకటే. తుపాకులు కంచె బయటే ఉండాలి. లోపలికి వెళ్ళేవాడి చేతిలో లాఠీ, బెత్తపు డాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మనుషులు చాలక వంతెనల దళం వాళ్ళను కూడా ఆ పనికి పంపారు. వీరాస్వామి వాళ్ళను వరసలో నిలబెట్టి నేర్పాడు.

"లాఠీ భుజం దాటి పైకి లేవకూడదు. లేచిందంటే తల మీద పడుతుంది. రెండు చేతుల్తో అడ్డంగా పట్టుకోండి, తలుపుకి అడ్డగడియ వేసినట్టు. దాంతో నెట్టండి. కొట్టకండి. మనిషిని పట్టుకోవాలంటే మోచేతికి పైన పట్టుకోండి. మణికట్టు దొరికితే మెలిపెట్టబుద్ధేస్తుంది."

"వాళ్ళు రాళ్ళేస్తేనండి?" అన్నాడు కృపావరం.

"డాలు అడ్డం పెట్టు."

"మొహం మీద ఉమ్మేస్తే?"

"తుడుచుకో."

ఖైదీలను ఒక్కొక్కరినీ ఒక గుడారంలోకి తీసుకువెళ్ళాలి. అక్కడ ఆ ఖైదీ దేశపు అధికారి బల్ల వెనక కూర్చుని ఇంటికి రమ్మని నచ్చజెబుతాడు. వస్తాననో రాననో ఖైదీ చెప్పాలి. తీసుకువెళ్ళడానికి ఇద్దరు సిపాయిలు, చెరో చెయ్యీ పట్టుకుని. చెప్పడానికి తేలిక పనే. కానీ చాలామంది ఆ అధికారి మొహం చూడగానే బల్ల మీదికి దూకేవారు. ఒకరోజు కృపావరం పట్టుకొచ్చిన ఖైదీ, బక్కపలచటి చైనా మనిషి, కూర్చోమన్న స్టూలునే ఎత్తి అధికారి మీద విసిరాడు. కృపావరం వెనక నుంచి అతన్ని రెండు చేతులతో చుట్టేశాడు. అతను తల వంచి కృపావరం ముంజేతిని కొరికాడు. పళ్ళు కండలో దిగాయి. వదల్లేదు అతను, ఇతనూ వదల్లేదు. రెండో సిపాయి లాఠీ ఎత్తబోతే కృపావరం వద్దన్నట్టు తల ఊపాడు. ఆ మనిషి గుండె తన అరచేతి కింద కొట్టుకోవడం తెలుస్తోంది. కాసేపటికి పట్టు సడలింది. అతను ఏడుస్తూ ఏదో అన్నాడు, మళ్ళీ అదే అన్నాడు. ఏమన్నాడో కృపావరానికి ఎప్పటికీ తెలియలేదు. ఆ సాయంత్రం చేతికి కట్టు కట్టించుకుంటుంటే, మనిషిని నొప్పి కలగకుండా పట్టుకోవడం కొట్టడం కంటే ఎంత కష్టమో అనుకున్నాడు. అంత అలసట అతను వంతెనల పనిలో కూడా ఎరగడు.

ఒకసారి టియర్ గ్యాసు కూడా వాడారు. ఒక కంచెలో ఖైదీలు గేటు మీద పడితే గుండ్లు విసిరారు. కొండల మీద నుంచి గాలి ఇటు తిరిగి పొగంతా మన వాళ్ళ వైపే వచ్చింది. అరగంట సేపు కంచెకి అటూ ఇటూ అందరూ కళ్ళు నలుపుకుంటూ దగ్గుతూ నిలబడ్డారు. అటువైపు నుంచి ఒకడు నవ్వడం మొదలుపెట్టాడు. ఇటువైపు కూడా ఎవరో నవ్వారు. మర్నాడు మళ్ళీ రాళ్ళు.

నవంబరులో, మంచు మొదలయ్యాక, ఇంటి కబురు అందింది. సలోమి బతికే ఉంది. వరదప్పుడు పేట మునిగితే అందరూ రైలుకట్ట మీదికి చేరారట. అక్కడ జ్వరం తగిలి తల్లి పోయిందట. అప్పటికే పోయి రెండు నెలలు దాటింది. కృపావరం ఆ రోజు కూడా డ్యూటీకి వెళ్ళాడు. తర్వాత నాలుగైదు రోజులకే ఒక సంగతి జరిగింది.

గేటు దగ్గర తోపులాటలో ఒక ఖైదీ గుడారపు ఇనప మేకు పట్టుకుని వీరాస్వామి మీదికి వచ్చాడు. కృపావరం పక్కనే ఉన్నాడు. అతని లాఠీ భుజం దాటి పైకి లేచింది. ఖైదీ మెడ పక్క ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఖైదీ బతికాడు. మంచి పని చేశావన్నాడు వీరాస్వామి, తన తల కాపాడావన్నాడు. విచారణ జరిపిన మేజరు కూడా తప్పు పట్టలేదు. కానీ చివరలో ఒక ప్రశ్న వేశాడు. "హవల్దారును పక్కకు లాగడానికి వ్యవధి ఉందా?"

ఉందని చెప్పలేకపోయాడు, లేదని చెప్పలేకపోయాడు. లాఠీ ఎత్తిన క్షణంలో తన కళ్ళ ముందు ఉన్నది ఆ ఖైదీయో, రైలుకట్ట మీద తల్లో, కృపావరానికే తేలలేదు. ఆ రాత్రి మొదలు అతనికి నిద్ర తునకలు తునకలయింది.

ఫిబ్రవరిలో గడువు తీరింది. ఇంటికి పోనన్న ఖైదీలను, మొదట తమకు అప్పగించిన పక్షానికే తిరిగి ఒప్పజెప్పి మన వాళ్ళు ఓడ ఎక్కారు. కృపావరం వెళ్ళినప్పుడు అతని ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. వచ్చేసరికి ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. మరుసటి సంవత్సరం పటాలం నుంచి విడుదల పుచ్చుకున్నాడు.

సలోమికి అతని తీరు అర్థం కాలేదు. గట్టు మీద మనుషులు గొంతు పెంచి మాట్లాడుకున్నా లేచి బయటికి వెళ్ళి చూసేవాడు. ఏలూరులో కాలవ మీద బల్లకట్టు పనికి కుదిరి మానేశాడు. భీమడోలులో కంకర పనికి వెళ్ళి మానేశాడు. "ఎక్కడా కాలు నిలవదేంటి నీకు?" అని సలోమి అడిగితే, "నిలిచే చోటు దొరకలేదు," అనేవాడు.

అలాంటి సమయంలో తాడేపల్లిగూడెంలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి పిలుపు వచ్చింది. మేనేజరు పట్టాభిరామయ్య అతన్ని ఎదురుగా నిలబెట్టుకుని మెత్తగా మాట్లాడాడు.

"కొరియాలో వేలమంది ఖైదీల్ని తుపాకీ పేల్చకుండా కాపలా కాశారట కదయ్యా."

"రెండు మూడు చోట్ల పేలాయండి. మేమున్న కాడ పేల్లేదండి."

"అలాంటి మనిషే కావాలి మాకు. వాచ్‌మన్లకి నువ్వు పెద్ద. మీ ఆవిడకి కళ్ళం మీద పని ఇప్పిస్తాను. మిల్లు వెనకాల షెడ్డులో ఉండండి."

కళ్ళం అంటే మిల్లు ముందున్న పెద్ద సిమెంటు చప్టా. ఉడికిన వడ్లు దాని మీద పోసి ఆరబెడతారు. ఎండలో ఆడవాళ్ళు కాళ్ళతో నెరుపుతూ అటూ ఇటూ నడుస్తారు. వాళ్ళ ముఠాకు మేస్త్రి మరిడమ్మ, నలభై దాటిన మనిషి, ఎవరితోనైనా మొహం మీదే మాట్లాడేది. సలోమి ఆ ముఠాలో చేరింది. ఒక ఏడాది అక్కడ సాఫీగానే గడిచింది. కృపావరం ఆ సమయంలో రాత్రిళ్ళు కొంత నిద్రపోయాడు కూడా.

1956 వేసవిలో కాంతం అనే పిల్ల వడ్లు నానబెట్టే వేడినీళ్ళ తొట్టిలో జారిపడింది. కాళ్ళు మోకాళ్ళ పైదాకా కాలిపోయాయి. తొట్టికి చుట్టూ అడ్డు లేదు. కొన్ని వారాల తర్వాత ఆమె కుంటుకుంటూ పనికి వస్తే, నీ చోట వేరే మనిషిని పెట్టుకున్నామని పంపేశారు. తొట్లకు అడ్డుగోడ కట్టాలి, కాంతాన్ని పనిలోకి తీసుకోవాలి అని మరిడమ్మ అడిగింది. చూద్దామన్నారు. రోజులు గడిచినా చూడలేదు. ఒకనాటి పొద్దున ఆడవాళ్ళందరూ లోపలికి రాకుండా గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. సలోమి కూడా కూర్చుంది.

పట్టాభిరామయ్య కృపావరాన్ని పిలిపించాడు.

"నిడదవోలు నుంచి లారీలో వేరే మనుషులు వస్తున్నారు. ఆ లారీ లోపలికి రావాలి. పోలీసుల్ని పిలిస్తే తుపాకులు తెస్తారయ్యా. నాకది ఇష్టం లేదు. నీ చేతిలో కర్రే కదా ఉంది. కర్రకి ఎవరూ చావరు. వాచ్‌మన్లకి నువ్వు నేర్చుకున్నది నేర్పు."

మాట న్యాయంగానే ఉన్నట్టు తోచింది కృపావరానికి. ఎవరూ చావకుండా చూడటమే కదా తనకు తెలిసిన పని. యుద్ధం రోజుల్లో ఊరి బయట వేసిన విమానాల రన్‌వే ఒకటి ఉంది. గడ్డి మొలిచిన ఆ కాంక్రీటు మీదికి వాచ్‌మన్లను తీసుకువెళ్ళి నేర్పడం మొదలుపెట్టాడు. అడ్డగడియ వేసినట్టు పట్టుకోండి. భుజం దాటనివ్వకండి. అడుగులో అడుగు వేసి నడవండి. వీరాస్వామి మాటలే అతని నోట వచ్చాయి.

వాచ్‌మన్లలో బాషా అని ఒకతను ఉన్నాడు. ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం నుంచి వచ్చిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. కసరత్తు అయ్యాక గట్టు మీద బీడీ వెలిగించుకుంటూ అడిగాడు.

"అన్నా, కొరియాలో మీరు ఎవరి మనుషులు?"

"ఎవరి మనుషులమూ కాదు. అందుకే మమ్మల్ని పెట్టారు."

"మరి ఇక్కడో?"

బాషా బీడీ ఆర్పేసి లాఠీ తీసుకుని నడిచాడు.

ఇంటికి వస్తే పొయ్యి వెలిగి లేదు. సలోమి గుమ్మంలో కూర్చుని ఉంది.

"రేపు మమ్మల్ని ఎత్తి పక్కన పడేస్తారంట కదా," అంది.

"ఎవరినీ కొట్టరు. నెమ్మదిగా జరుపుతారు. నేనుంటాను కదా ముందర."

"జరపడానికి మేము వడ్ల బస్తాలమా? ఆ కాంతం కాళ్ళు చూశావా నువ్వు?"

"చూశాను."

"చూసి కూడా వస్తావన్నమాట."

"నేను రాకపోతే ఇంకోడు వస్తాడే. ఆడికి ఎలా పట్టుకోవాలో తెలీదు. నేనుంటే దెబ్బలు తగలవు."

"దెబ్బలు తగలకపోతే చాలు, ఇంక మేము అడిగింది ఏమైపోయినా పరవాలేదా?" అని సలోమి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. వాచ్‌మన్లు వరసగా, లాఠీలు అడ్డంగా పట్టుకుని, నేర్పినట్టే నడిచారు. కూర్చున్న ఆడవాళ్ళు లేవక తప్పలేదు. వెనక్కి, పక్కకి జరిగారు. ఎవరి లాఠీ పైకి లేవలేదు. సలోమి అతని ఎదుటే ఉంది. తన లాఠీ ఆమె చేతులకు తగిలి, ఆమె వెనక్కి అడుగు వేయడం కృపావరం చూశాడు. ఆమె అతని మొహంలోకి చూడలేదు. దారి ఏర్పడింది. లారీ కదిలింది. అప్పుడు మరిడమ్మ పరుగెత్తి లారీ పక్క చెక్కను పట్టుకుని వేలాడింది. వరస చివర ఉన్న వాచ్‌మన్ ఆమెను విడిపించడానికి ముంజేతి మీద కొట్టాడు. భుజం దాటకుండానే కొట్టాడు, నేర్పిన ఎత్తులోనే. మరిడమ్మ చెయ్యి విరిగింది.

లారీ లోపలికి వెళ్ళిపోయాక పట్టాభిరామయ్య వరండాలో నిలబడి అతన్ని మెచ్చుకున్నాడు.

"చూశావా, ఎవరూ చావలేదు. పోలీసులైతే ఎంత రభస అయ్యేదో. రేపు కూడా ఇలాగే కానిద్దాం."

"మరిడమ్మ గారి చెయ్యి విరిగిందండి."

"కట్టు కట్టిస్తారులే. ఎముకే కదా, అతుక్కుంటుంది."

ఆ పొద్దంతా కృపావరం షెడ్డుకు వెళ్ళలేదు. కాలవ గట్టు వెంబడి చాలా దూరం నడిచి మళ్ళీ వెనక్కి వచ్చాడు. కొరియాలో చేతిలో కర్ర మాత్రమే ఉండటం వల్ల ప్రతి అడుగూ ఆలోచించి వేసేవాళ్ళు. అవతల వేలమంది ఉండేవారు, తమకు భయం, ఆ భయం వల్ల మాటలతో సరిపెట్టాలని చూసేవాళ్ళు. ఇక్కడ కర్రే కదా అని ఆలోచించడమే మానేశారు. ఎవరూ చావరు గనక ఎన్నిసార్లయినా వాడొచ్చు, రేపు వాడొచ్చు, ఎల్లుండి వాడొచ్చు. మరిడమ్మ అడిగినదానికి ఎవరూ బదులు చెప్పనవసరం లేదు. ఇది అతనికి మాటల్లో కాక ఒళ్ళంతా పాకే చిరాకులా తెలిసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చీకటి పడే వేళకు బాషా ఇంటి దగ్గర ఆగాడు. బాషా భార్య జులేఖా చాప వేసి మంచినీళ్ళు ఇచ్చింది. కృపావరం నీళ్ళు తాగాడు గానీ కూర్చోలేదు.

"రేపు వరస ఇంకోలా నిలబెడదామనుకుంటున్నాను," అన్నాడు.

"ఎలాగ?"

"వాళ్ళకీ లారీకీ మధ్యలో. లారీ వైపు తిరిగి."

"పని పోద్ది అన్నా."

"నాది పోద్ది. మీకు నేను ఆర్డరు ఇచ్చానని చెప్పండి. పెద్దవాచ్‌మన్ చెప్పింది చేశామని చెప్పండి."

జులేఖా లోపలి నుంచే అంది, "ఆ కాలిన పిల్ల మా వీధి పిల్లేనండి."

తర్వాతి పొద్దున ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చున్నారు, నిన్నటికంటే తక్కువమంది. మరిడమ్మ వెదురుబద్దల కట్టుతో ముందే కూర్చుంది. వాచ్‌మన్లు లాఠీలతో వస్తుంటే కొందరు లేచి నిలబడ్డారు. కృపావరం వరసను వాళ్ళ పక్కనుంచి తిప్పి, వాళ్ళకు ముందుగా రోడ్డు మీదికి నడిపించాడు. అక్కడ ఆపి, ఆడవాళ్ళ వైపు వీపు పెట్టి నిలబెట్టాడు. నిన్న మరిడమ్మను కొట్టిన వాచ్‌మన్ వరసలోకి రాలేదు. గేటు దగ్గరే ఆగిపోయాడు. ఇంకో ఇద్దరు అతని వెంట వెళ్ళారు. మిగతావాళ్ళు నిలబడ్డారు. వాళ్ళ మొహాల్లో నెత్తురు లేదు. కొరియాలో అతనికి వెనకాల పటాలం ఉంది. ఇక్కడ వెనకాల ఉన్నది సలోమి, నిన్న తను నెట్టిన మనుషులు. వాళ్ళు తనను నమ్మాలని లేదు.

లారీ వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ముందుకు పోనిచ్చి వరసకు బారెడు దూరంలో ఆపాడు. వాచ్‌మన్లే అడ్డంగా ఉండటం అతనికి అర్థం కాలేదు.

గేటు లోపల నుంచి పట్టాభిరామయ్య పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. అప్పటికి కూడా గొంతు పెంచలేదు.

"ఎటు తిరిగి నిలబడ్డావయ్యా నువ్వు?"

"మధ్యలో నిలబడ్డానండి. తగువు తేలేదాకా లారీ లోపలికి పోకూడదండి. ఇటు వీళ్ళూ మిల్లులోకి రారండి. మీరు ఆవిడతో మాట్లాడండి. అప్పటిదాకా మేము ఎవరినీ ముట్టుకోమండి."

"నీకు పని ఇచ్చింది ఎవరు?"

"మీరేనండి."

"అయితే ఇక లేదు. ఆ కర్ర అక్కడ పెట్టి వెళ్ళు."

కృపావరం లాఠీని రోడ్డు మీద పెట్టాడు. కానీ వెళ్ళలేదు. చేతులు కిందికి వదిలేసి అదే చోట నిలబడ్డాడు. బాషా తన లాఠీ కూడా పెట్టేశాడు. తర్వాత ఒక్కొక్కరే పెట్టారు. ఉత్త చేతులతో నిలబడ్డ ఆ మనుషుల మీదికి లారీ నడపడానికి డ్రైవరు ఒప్పుకోలేదు. ఎండ పెరిగేదాకా ఆగి, నిడదవోలు వాళ్ళతోనే తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండో రోజున పోలీసు ఇన్‌స్పెక్టరు, లేబర్ అధికారి వచ్చారు. మాటలు నడిచాయి. తొట్లకు అడ్డుగోడలు కట్టడానికి మిల్లు ఒప్పుకుంది. కాంతాన్ని బస్తాలు కుట్టే పనిలోకి తీసుకున్నారు, కూర్చుని చేసే పని గనక. మరిడమ్మ సంగతి మాత్రం తెమల్లేదు. చెయ్యి విరిగింది తోపులాటలోనని మిల్లు అంది. లేబర్ అధికారి కృపావరాన్ని పిలిచి అడిగాడు.

"కొట్టమని మీరు చెప్పారా?"

"లేదండి. కొట్టకుండా ఎలా నెట్టాలో చెప్పానండి. ఆ నెట్టడమే చెయ్యకూడదండి. అది చేయించింది నేనేనండి."

అధికారి కలం ఆపి అతని వైపు చూసి, మళ్ళీ రాసుకున్నాడు. కొంత పరిహారం ఇప్పించారు. చెయ్యి వంకరగా అతుక్కుంది. గంప ఎత్తే పని ఆమె ఇంక చేయలేకపోయింది. బాషాను, మిగతావాళ్ళను ఉంచారు. కృపావరాన్ని ఉంచలేదు, సలోమిని కూడా ఉంచలేదు.

సామాను సర్దుకుని ఏలూరు రైలు ఎక్కారు. భీమడోలు దాటాక, "మొదటిరోజు నన్ను నెట్టావు," అంది సలోమి.

"నెట్టాను."

"నేను దాన్ని మర్చిపోను."

"మర్చిపోమని అడగను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఏలూరు దిగాక మూటల్లో బరువైనదాన్ని తనే తీసుకుంది.

కొల్లేటి అంచున పేటలో వాళ్ళు మళ్ళీ ఇల్లు వేసుకున్నారు. కృపావరం దోనె సంపాదించి మనుషులను దాటించేవాడు, సలోమి చేపలు అమ్మేది. అతనికి నిద్ర సరిగా కుదరలేదు. గొంతులు పెరిగిన చోటికల్లా వెళ్ళి చూసే అలవాటూ పోలేదు. పొలాలకు నీళ్ళు వదిలే దగ్గర, చేపల కోసం నీళ్ళకి అడ్డంగా వేసే కట్టుబడి దగ్గర తగువులు వచ్చినప్పుడు మధ్యలోకి వెళ్ళి నిలబడేవాడు. ఒకసారి రెండు వైపుల వాళ్ళూ కలిసి అతన్నే కొట్టారు. పక్కటెముకలు వాచిపోయి వారం రోజులు మంచం మీద ఉన్నాడు. మానెయ్యమని సలోమి పోరింది. మానేస్తానన్నాడు, మానలేదు.

నెలకో రెండు నెలలకో తాడేపల్లిగూడెం వెళ్ళేవాడు. ఒక బుట్టలో కొర్రమేనులు పెట్టుకుని మరిడమ్మ గుడిసె ముందు దించేవాడు. మొదటిసారి ఆమె బుట్ట వైపు చూడలేదు. రెండోసారి పిల్లి ఎత్తుకుపోతుందని లోపల పెట్టింది. 1958లో వర్షాలు మొదలైన రోజుల్లో వెళ్ళినప్పుడు ఆమె వసారాలో గోనె సంచిలో ఊక కూరుతోంది. మూతి కట్టడానికి పురికొస ఒక చివర పళ్ళతో పట్టుకుని తంటాలు పడుతోంది.

"ఎవరు తెమ్మన్నారు నిన్ను ఈ చేపలు?" అంది కొస వదిలి.

"ఎవరూ తెమ్మనలేదండి."

"మీ ఆడమనిషి బాగుందా?"

"బాగుందండి."

"ఆ కొరియాలో ఖైదీల్లో ఆడాళ్ళుండేవారా?"

"మేమున్న కంచెలో లేరండి."

"ఉంటే అప్పుడే తెలిసేది నీకు, ఆడాళ్ళని నెట్టడమంటే ఏంటో," అని సంచిని అతని వైపు జరిపింది. "ఇది కట్టు. గట్టిగా కట్టు, మళ్ళీ మళ్ళీ విప్పుకోలేను."

కృపావరం వంగి మూతి బిగించి కట్టాడు. ఇంకో సంచి జరిపింది. అదీ కట్టాడు. ఉన్నవన్నీ కట్టేసరికి వాన మొదలైంది. కాసేపు ఆగి వెళ్ళమంది మరిడమ్మ. ఆగుదామనే అనుకున్నాడు. చూరు కింద అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశాడు. వీధి చివర రిక్షా దగ్గర ఇద్దరు కేకలు వేసుకుంటున్నారు.

"వస్తానండి," అని తువ్వాలు తలకు చుట్టుకుని వానలోకి దిగాడు.